ఉపదేశి ఎవరింట తినాలి

పల్లెల్లో క్రైస్తవ సంఘాలు చూసుకునే ఉపదేశి పనిలో చేరబోతున్న కుర్రవాళ్ళు ఈమధ్య నన్ను చూడడానికి వస్తున్నారు. అందరూ అడిగేది ఒకటే. ప్రసంగం ఎలా తయారు చేసుకోవాలి, ఏ వాక్యం మీద ఏం చెప్పాలి అని. ప్రసంగం సంగతి ఎవరైనా నేర్పుతారు. కొత్త పల్లెలో అడుగుపెట్టిన రోజున ఎవరింట్లో కూర్చుని అన్నం తినాలో మాత్రం ఎవరూ నేర్పరు. నా పని సగం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. అందుకని నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ మిషను దొరగారు నన్ను ఎలా మెచ్చుకున్నారు అనేవి వదిలేసి, ఒక పల్లెలో జరిగిన సంగతి రాస్తాను.

ఈ పనిలోకి రాకముందు రాజమండ్రిలో ఒక పత్రికలో కొన్నాళ్ళు పనిచేశాను. అక్కడి సంపాదకుడుగారు, చూసింది ముందు రాయమని, అనుకున్నది చివర రాయమని, చోటు చాలకపోతే ఆ చివరిది కొట్టేస్తానని చెప్పేవారు. ఆ పద్ధతే ఇక్కడా పాటిస్తాను. కొట్టేసేవాళ్ళు లేరు కాబట్టి అనుకున్నది కూడా కొంత మిగిలిపోతుంది.

ముందుగా కబురు చెయ్యకండి

నరసాపురంలో పొద్దున్నే పడవెక్కితే కాలవ వెంట మధ్యాహ్నానికి చేరే పల్లె అది. పేరు రాయను. ఆనాటివాళ్ళ మనవలు చదువుకుని ఉద్యోగాల్లోకి వస్తున్నారు. ఎగువపల్లె మాలలది, దిగువపల్లె మాదిగలది. రెంటికీ మధ్య కాలవగట్టు మీద తాటాకు కప్పిన గుడి, దాని పక్కన నాకో పాక. రెండు పల్లెలదీ ఒకటే సంఘం. నా భార్య నరసాపురంలో ఆడపిల్లలకు లేసు అల్లడం నేర్పుతూ పిల్లలతో అక్కడే ఉండేది. నేను సంఘస్థుల ఇళ్ళలో వంతులవారీగా తినేవాణ్ణి. ఉపదేశికి వంతు భోజనం పెట్టడం ఆ రోజుల్లో అన్ని పల్లెల్లోనూ ఉన్నదే.

మొదటి రోజుల్లో ఎవరింటికి వెళ్ళినా ఇత్తడి పళ్ళెంలో తెల్లటి వరన్నం పెట్టారు. పళ్ళెం అంచున ఒకచోట సొట్ట ఉంది. మర్నాడు ఇంకో ఇంట్లోనూ అదే సొట్ట. ఆ మర్నాడు పళ్ళెం ఇంకా తడిగా ఉంది. అది సంఘపెద్ద దావీదుగారి ఇంటి పళ్ళెమని తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నేను వీధిలోంచి వస్తుంటే అది పెరటి దోవన వచ్చేది. దాంతోపాటు సన్నబియ్యం కూడా వచ్చేవి.

ఒకరోజు, ఆనాడు వంతు లేని ఇంటికి, చెప్పకుండా, పొద్దుటిపూట వెళ్ళాను. ఇంటాయన చోడి అంబలి తాగుతూ నన్ను చూసి ముంత వీపు వెనక్కి పెట్టుకున్నాడు. అదే నాకూ కొంచెం పొయ్యమన్నాను. ఇంటామె చాలాసేపు తటపటాయించి పోసింది. నేను తాగుతుంటే గుమ్మం పక్కన నిలబడి మెల్లగా అంది:

"ఇకమీదట ఇదే అయితే మాకు నిశ్చింతండి. మీరొచ్చిన కాడ్నించీ ఆ పళ్ళేనికి కాపలా కాయలేక చస్తన్నాం."

ఆ తర్వాత ఆమె తన కొడుకు కల్లు దుకాణం చుట్టూ తిరుగుతున్న సంగతి చెప్పింది. అంతకుముందు అదే ఇంట్లో పళ్ళెంలో తిన్నప్పుడు, కొడుకు ఎలా ఉన్నాడంటే దేవుడి దయవల్ల బాగున్నాడని చెప్పింది. ఆనాటి నుంచి ఏ ఇంటికీ ముందుగా కబురు చెయ్యలేదు. కబురు అందుకున్న ఇంట్లో అన్నమూ అరువే, మాటలూ అరువే.

చేటలో వచ్చిన బియ్యం

ఆ పళ్ళెం ఎగువపల్లెలో ఇల్లిల్లూ తిరిగింది గానీ గట్టు దాటి దిగువపల్లెకి వెళ్ళలేదు. అక్కడ వంతులే లేవు. బదులుగా శనివారంనాడు దిగువపల్లె ఆడవాళ్ళు చేటల్లో బియ్యం, వంకాయలు, ఎండురొయ్యలు తెచ్చి నా పాక అరుగు మీద పెట్టి కొంచెం దూరంగా నిలబడేవారు. దాన్ని స్వయంపాకం అంటారు. పెట్టేవారి చేతి వంట తినని అతిథికి, వండుకోమని వస్తువులే ఇవ్వడం. వండని బియ్యానికి అంటు లేదు, ఉడికితే వచ్చేస్తుంది. ఆ బియ్యం దావీదుగారి ఇంటికి పోయేవి. ఆయన తల్లి శాంతమ్మగారు వండి నాకు పెట్టేవారు. ఇదంతా చూసి మా దొరగారు, రెండు పల్లెలూ పోటీపడి ఆతిథ్యం చేస్తున్నాయని సంతోషించారు.

గుడిలోనూ అంతే. ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చేటప్పుడు ద్రాక్షరసం గిన్నె ఒకటే, కానీ ఎగువపల్లెవాళ్ళు అందరూ తాగాకే దిగువపల్లెవాళ్ళు లేచేవారు. లేవమని ఎవరూ చెప్పలేదు, కూర్చోమనీ చెప్పలేదు. ఎవరికి వాళ్ళకి తెలుసు.

దిగువపల్లెలో ఒక్క ఇంటినుంచి చేట రాలేదు. అది రూతమ్మది. ఆ పల్లెలో మొదట బాప్తిస్మం తీసుకున్న మనిషి ఆమె. భర్త యేసయ్య చెప్పులు, మోటబావుల తోలు తిత్తులు కుట్టేవాడు. ఆమె కీర్తన ఎత్తుకుంటే రెండు పల్లెలూ అందుకునేవి. దిగువపల్లెలో మిగతావాళ్ళు గుడికి వస్తున్నారంటే ఆమె వెనకాల వస్తున్నారని అర్థం. ఆమెకేమైనా ఇబ్బందిగా ఉందేమోనని కనుక్కోవడానికి వెళ్ళాను.

"బియ్యం లేక కాదండి," అంది. "వండి పెడతాను, వచ్చి తినండి. పచ్చిబియ్యం మాత్రం నేను తేను."

తర్వాత నాకు ముందు పనిచేసిన ఉపదేశిగారి సంగతి చెప్పింది. ఆయన మెత్తని మనిషి. ఆమె బాధ చూసి, పొద్దువాలుతుండగా మొగలిపొదల చాటునుంచి వాళ్ళింటికి వచ్చి ప్రేమగానే తినేవాడట. లేచి, పైపంచెతో మూతి శుభ్రంగా తుడుచుకుని, అదే పొదల చాటునుంచి పోయి దావీదుగారింట్లో మళ్ళీ కొంచెం తినేవాడట. ఎక్కడికెళ్ళారని శాంతమ్మగారు అడిగితే, జబ్బుమనిషిని చూడడానికి వెళ్ళానని చెప్పేవాడట. ఒకరోజు బయటపడింది. మమ్మల్ని మోసం చేశాడని ఎగువపల్లె మండిపడింది. ఆయన నరసాపురం వెళ్ళిపోయాడు.

"ఎగువోళ్ళకి కోపమొచ్చిందండి, నాకు సిగ్గేసింది," అంది రూతమ్మ. "మా ఇంట తిని, తిన్నానని చెప్పుకోలేని చుట్టం మాకెందుకండి? మేమేం దొంగసొత్తు పెట్టామా?"

ఆయన చెడ్డవాడు కాడు. ఇద్దరినీ నొప్పించకూడదనుకున్నాడు, ఇద్దరినీ నొప్పించాడు. ఈ పనిలో మెత్తదనం వల్ల జరిగిన నష్టం కోపం వల్ల జరిగినదానికంటే ఎక్కువని నా అభిప్రాయం.

తింటానని, చెప్పే తింటానని రూతమ్మకి మాటిచ్చాను. మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యాక, అందరూ ఉండగానే, ఈపూట రూతమ్మగారింట్లో భోజనం చేస్తున్నానని దావీదుగారితో అన్నాను. ఆయన పొడుగాటి మనిషి, మాట నెమ్మది, వాక్యం నోటికి వచ్చు.

"మీ ఇష్టమండి," అన్నారు నవ్వుతూ. "క్రీస్తులో అందరం ఒకటే కదండీ."

ఆ సాయంత్రం ప్రార్థనకి ఎగువపల్లె నుంచి ఒక్కరూ రాలేదు. నా వంతు భోజనమూ రాలేదు. నేను రూతమ్మ ఇంట్లోనూ ఆ చుట్టుపక్కల ఇళ్ళలోనూ తింటూ వచ్చాను. కొన్నాళ్ళయ్యాక దావీదుగారు పడవెక్కి దొరగారిని చూడడానికి నరసాపురం వెళ్ళారు.

రెండు గుళ్ళు

మా దొరగారి గురించి న్యాయంగా చెప్పాలి. జ్వరంతో కూడా పడవల్లో తిరిగిన మనిషి. తెలుగు బాగా నేర్చుకున్నారు, అయితే పుస్తకంలోంచి నేర్చుకున్నారు. ఆయనకి పాములంటే భయం లేదు, వరదలంటే భయం లేదు. సంఘంలో తగువంటే మాత్రం భయం. దావీదుగారు చెప్పిందంతా విని నన్ను పిలిపించారు.

"నేను రెండు మందిరములు కట్టించెదను," అన్నారు. "ఒకటి ఎగువ, ఒకటి దిగువ. ఎవరి మందిరములో వారు సమాధానముగా ఆరాధించుకొందురు."

వచ్చే సంస్కారానికి తానే వస్తానని, ఆ శనివారం ఒప్పుకోలు కూడికలో ఈ మాట ప్రకటిస్తానని చెప్పారు. నేను వద్దన్నాను. నాకు ఆవేశం ఎక్కువైందన్నారు.

నేను తిరిగివెళ్ళి చెబితే దిగువపల్లెలో చాలామంది సంతోషించారు. మన గుడి మనకి వస్తుంది, ముందు లేవాలా వెనక లేవాలా అనే బాధ ఉండదని వాళ్ళ లెక్క. యేసయ్య కూడా అంతే అన్నాడు. తగువెందుకు, మన కీర్తనలు మనం పాడుకుందాం అన్నాడు. రూతమ్మ పొయ్యిలో పుల్లలు సర్దింది. తర్వాత నా వైపు తిరిగింది.

"రెండు గుళ్ళు కడితే నేను రెంటికీ రానండి. ఊళ్ళో ఎలాగూ విడిగానే ఉన్నాం. గుళ్ళో ఒకటవుతామంటేనే కదా నేనొచ్చాను."

ఆమె బెదిరింపుగా అనలేదు. అన్నమాట చేసే మనిషని ఆ పల్లెలో అందరికీ తెలుసు. ఆమె మానేస్తే కట్టిన రెండో గుడిలో ఎవరు కూర్చుంటారు, ఒక్క ఎగువపల్లెకే మిగిలిన మొదటి గుడికి ఏం పేరు పెట్టాలి అని నేను ఆ వారమంతా ఆలోచిస్తూ తిరిగాను. శనివారం వచ్చేసింది.

"సమాధానమేనండి"

సంస్కారానికి ముందురోజు జరిగే ఒప్పుకోలు కూడిక గురించి కొత్తవాళ్ళకి చెప్పాలి. ఉపదేశి సంఘస్థుల్ని పేరుపేరునా పిలుస్తాడు. పిలిచినవాళ్ళు లేచి నిలబడతారు. "అందరితో సమాధానమేనా?" అని, అంటే ఎవరితోనూ తగువు లేదు కదా అని, అడగాలి. "సమాధానమేనండి" అని వాళ్ళు చెప్పాలి. ఎవరితోనైనా తగువుంటే అక్కడే చెప్పుకుని, సరిచేసుకుని, అప్పుడు గిన్నె దగ్గరికి రావాలని ఈ పద్ధతి పెట్టారు. నేను చూసిన సంఘాలన్నిటిలోనూ అందరూ సమాధానమేననేవారు. ముందురోజు గట్టు తగువులో కర్రలు లేపినవాళ్ళు కూడా అనేవారు. అదొక హాజరు పిలుపు అయిపోయింది.

ఆ శనివారం ఎగువపల్లె వాళ్ళు కూడా వచ్చారు, దొరగారు వచ్చారు గనక. ఎండ ఇంకా తగ్గలేదు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, ప్రతి పక్కలోనూ మళ్ళీ రెండు గుంపులు. దావీదుగారు సమాధానమేనన్నారు. శాంతమ్మగారు గుంజకి ఆనుకుని కూర్చుని సమాధానమేనన్నారు. యేసయ్య అన్నాడు. రూతమ్మ పేరు పిలిచాను.

ఆమె లేచింది. "లేదండి," అంది.

ఎవరితో లేదని అడగడం నా పని. అడిగాను.

"ఎగువపల్లెతో లేదండి. ఒకే గిన్నెలో తాగుతాం, నా కుండలో నీళ్ళు మాత్రం తాగరు. ఇదేదో ఒకళ్ళిద్దరి తప్పని చెప్పటం లేదు. ఉందని చెబుతున్నాను. సమాధానమేనని చెప్పి రేపు గిన్నె పట్టుకోలేను."

దావీదుగారు లేచి వాక్యం ఎత్తుకున్నారు. విశ్వాసులందరూ ఒకే శరీరమని, అవయవాలు వేరైనా అని, చాలా చక్కగానే మొదలుపెట్టారు. దొరగారు గొంతు సవరించుకుని మందిరముల విషయం ఎత్తబోయారు. అంతలో గుంజ దగ్గర్నించి శాంతమ్మగారి గొంతు వినిపించింది.

"దావీదూ, నువ్వు కూర్చోరా. వాక్యం చాలు."

ఆమె కర్ర పట్టుకుని లేచారు. వయసు పెద్దది. అందరికీ పురుళ్ళు పోసిన మనిషి, ఎవరికీ భయపడని మనిషి.

"రూతమ్మా, నాకు నీ మీద కోపం లేదు. నీ పాటంటే ఇష్టం కూడాను. కానీ నీ చేతి అన్నమంటే నాకు రోత. మీ వీధి మొగని ఆ లంద ఉందే, తోళ్ళు నానేసే గొయ్యి, ఆ వాసన గుర్తొస్తే నాకు ముద్ద దిగదు. మా అమ్మ నన్ను అట్లా పెంచింది. బాప్తిస్మం తీసుకుంటే పోద్దనుకున్నాను. పోలేదు. ప్రతి సంస్కారానికీ సమాధానమేనని అబద్ధం చెబుతూ వస్తున్నాను. ఇందాక కూడా చెప్పాను."

ప్రసంగాలు చాలా విన్నాను, కొన్ని చెప్పాను. గుడిలో అంత సూటిగా, ఏ ముసుగూ లేకుండా మాట్లాడిన మాట అంతకుముందు వినలేదు. దిగువపల్లె మగవాళ్ళలో ఒకరిద్దరు లేచి వెళ్ళిపోబోయారు. రూతమ్మ కదల్లేదు. ఆమె మొహం ఎర్రబడి, మెల్లగా మామూలుగా అయింది.

"ఇన్నాళ్ళకి నాతో నిజం మాట్లాడింది మీరొక్కరే మామ్మగారూ," అంది. ఆ వెంటనే, "ఆ లంద వాసన నాకూ పడదండి. మా పుట్టింట్లో పొలం పనే. కాపరానికొచ్చిన కొత్తల్లో ఆ వాసనకి కక్కుకునేదాన్ని."

ఆడవాళ్ళ వైపు ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. రూతమ్మ ఆగలేదు.

"మా ఆయన కుట్టిన చెప్పులు మీ అరుగు మీద ఉంటాయి. వాటికి రాని వాసన నా అన్నానికొస్తుందా అండి?"

"ఆ చెప్పులకి వాసన రాదండి," అన్నాడు యేసయ్య మగవాళ్ళలోంచి, కొంచెం నొచ్చుకుని. "అది బాగా నానిన తోలు."

ఈసారి రెండు గుంపులూ నవ్వాయి. శాంతమ్మగారు మాత్రం నవ్వలేదు. ఏదో తేల్చుకుంటున్నట్టు కర్ర మీద చెయ్యి మార్చుకున్నారు.

"రేపు పొద్దున నీ ఇంటికొస్తాను," అన్నారు. "తినగలిగితే తింటాను. లేకపోతే ఆ మాట నీ మొహానే చెబుతాను. మింగినట్టు నటించి బయటికొచ్చి ఉమ్మను."

"అంతే చాలండి," అంది రూతమ్మ.

దావీదుగారు తల్లిని ఏదో అనబోయి, నా మొహమూ దొరగారి మొహమూ చూసి మానేశారు. దొరగారు చాలాసేపు టోపీ చేత్తో తిప్పుతూ నిలబడ్డారు. మందిరముల విషయము రేపు ఆరాధన పిదప మాటలాడెదమన్నారు. ఆయన కాలవలో కట్టిన తన పడవకి వెళ్ళిపోయారు.

ఇక్కడ మీకో మాట. సంఘంలో ప్రేమ గురించి మాట్లాడడం తేలిక. రోత గురించి మాట్లాడడం కష్టం. రోత ఉన్నచోట ప్రేమ గురించే మాట్లాడుతుంటే అది రోతకి కప్పిన దుప్పటి అవుతుంది. దావీదుగారి మాటలన్నీ సరైనవే. వాటి కింద ఏముందో ఆయన తల్లి చెప్పింది. ఆమె చెప్పాకే రూతమ్మకి జవాబివ్వడానికి ఒక మనిషి దొరికింది.

ఆదివారం పొద్దున

నేను వెళ్ళేసరికి రూతమ్మ వాకిలి అలికి, చింతచిగురులో ఎండురొయ్యలు వేసి కూర దింపుతోంది. ఎర్రటి దంపుడు బియ్యం పొయ్యి మీద ఉడుకుతున్నాయి. పొరుగామె సన్నబియ్యం అరువిస్తానంటే వద్దందట. యేసయ్య లంద మీద తాటాకులు కప్పి, అది చాలక మట్టి పోస్తున్నాడు. రూతమ్మ చూసి తీసెయ్యమంది. ఉన్నదాన్ని ఉన్నట్టే దాటుకుని రావాలి, లేకపోతే రావడమెందుకని ఆమె పట్టు. అతను గొణుక్కుంటూ తీసేశాడు.

గట్టు మీద ముందు శాంతమ్మగారి కర్ర కనిపించింది. ఆమె వెనక దావీదుగారు, ఎండగా ఉందమ్మా, పడిపోతావమ్మా అంటూ. ఆయన వెనక ఎగువపల్లె ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు. ప్రార్థనకి పిలిస్తే రానివాళ్ళు కూడా ఉన్నారు. ఆమె తింటుందో లేదో చూడకుండా ఇంట్లో కూర్చోగలిగినవాళ్ళు ఆ పల్లెలో లేరు.

వీధి మొగదల లంద దగ్గర శాంతమ్మగారు ఆగారు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. రూతమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది, ఎదురు వెళ్ళలేదు, రమ్మని పిలవలేదు. శాంతమ్మగారు కొంతసేపు అలాగే నిలబడి, కొంగు దించి, నడిచి వచ్చారు. దావీదుగారు లంద అవతలే ఉండిపోయారు.

అరిటాకు వేశారు. రూతమ్మ చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది. అన్నం వడ్డించింది, కూర వేసింది, పక్కకి తప్పుకుని గోడనానుకుని నిలబడింది. శాంతమ్మగారు కలిపారు. ముద్ద చేశారు. ఆ ముద్ద చేతిలో చాలాసేపు ఉంది. నేను ప్రార్థన చేస్తున్నానని చెప్పలేను. ఆమె గొంతు వైపు చూస్తున్నాను. ఆమె కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. కళ్ళలోంచి నీళ్ళు కారాయి, దుఃఖమో వికారమో తెలియదు. గొంతు కదిలింది. ముద్ద దిగింది.

రెండో ముద్ద కలిపారు. అది త్వరగానే దిగింది. మూడోది నోట్లో పెట్టుకుని ఆగి, రూతమ్మ వైపు తల తిప్పారు.

"కూరలో ఉప్పు చాల్లేదే పిల్లా."

రూతమ్మకి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత గబగబా ఉప్పుకుండ దగ్గరికి పరిగెత్తింది.

"భయంతో చెయ్యి వణికిందండి, అందుకని తక్కువ పడింది."

"వణికితే ఎక్కువ పడాలి గానీ తక్కువెలా పడిందే?"

ముందు నవ్వింది రూతమ్మే. నవ్వుతూ ఏడ్చేసింది. ఉప్పు ఆకులో వేస్తుంటే శాంతమ్మగారు ఆమె మణికట్టు పట్టుకుని ఇంకొంచెం వెయ్యమన్నారు. వాకిలంతా గొల్లుమంది. అతిథులు వంట మెచ్చుకుంటారు. ఉప్పు అడిగేది ఇంటివాళ్ళు. నేను వివరించాల్సిన పని లేకుండా ఆ వాకిట్లో ప్రతి ఆడమనిషికీ అది తెలిసిపోయింది. ఎగువపల్లె ఆడవాళ్ళు చెయ్యి కడుక్కుని ఒక్కొక్కరే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. కొందరు రాలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. అదీ చెప్పాలి. వాళ్ళలో ఒకాయన తర్వాత చాలాకాలానికి గానీ గుడికి రాలేదు.

శాంతమ్మగారు పెరుగన్నం కలుపుకుంటూ వీధిలోకి చూశారు.

"దావీదూ, ఎండలో ఎందుకురా. వచ్చి చెయ్యి కడుక్కో."

ఆయన లంద దాటి వచ్చారు. చూరు తక్కువ ఎత్తు, ఆయన పొడుగు, బాగా వంగి రావలసి వచ్చింది. యేసయ్య నీళ్ళు పోశాడు. దావీదుగారు ఏ వాక్యమూ చెప్పకుండా తిన్నారు. ఆ తర్వాత సంవత్సరాల్లో కూడా ఆయన ప్రసంగాలు పొట్టివే. నేను ఆ పల్లె వదిలేనాటికి గుడి ఒకటే ఉంది, ఉపదేశి వంతు రెండు పల్లెల్లోనూ తిరిగేది, చేటలు రావడం ఆగిపోయింది, సంస్కారానికి ఎవరు దగ్గర కూర్చుంటే వాళ్ళు ముందు లేచేవారు. అన్నీ ఆ ఒక్క పొద్దున్నే జరగలేదు. కానీ జరగవన్న మాట ఆ పొద్దున పోయింది.

ఆ పొద్దున అందరూ ఇంకా ఆకుల ముందుండగానే గుడి దగ్గర గంట మోగింది. ఎవరూ లేవలేదు. కాసేపటికి మళ్ళీ మోగింది. మూడోసారి మోగాక ఇక ఆగిపోయింది. గట్టు మీంచి దొరగారు నల్లకోటుతో, చేతిలో పుస్తకంతో, తన సంఘమంతా ఏమైపోయిందా అని వెతుక్కుంటూ దిగి వస్తున్నారు. లంద దగ్గర బూటు జారింది, నిలదొక్కుకున్నారు. వాకిట్లో ఎగువపల్లె, దిగువపల్లె ఒకే వరసలో ఆకుల ముందు కూర్చుని ఉండడం చూసి ఆగిపోయారు. నోరు తెరిచారు, ఏ తెలుగూ రాలేదు.

రూతమ్మ గరిటెతోనే ఎదురెళ్ళింది.

"రండి దొరగారూ, కూర్చోండి. మా ఇంట్లో అన్నం అయిపోయిందండి. పక్కింట్లోంచి తెస్తున్నారు, కాస్త ఆగాలి."

ఆయన టోపీ తీశారు. పుస్తకం ఎక్కడ పెట్టాలో తెలియక యేసయ్య చేతికిచ్చారు. కోటు మడుచుకుని, మోకాళ్ళు కష్టంగా మడిచి, వరసలో కూర్చోబోయారు. శాంతమ్మగారు కొంచెం జరిగి తన పక్కన చోటు చూపించారు.

"ఇటు కూర్చోండి. ఉప్పు అడిగి వేయించుకోండి దొరగారూ, ఈ పిల్ల తక్కువేస్తది."